స్టీరింగు పట్టిన చేతికి తెలిసిన ఇసుక



ఎడారి అనగానే మన కళ్ల ముందు ఒంటె నిలుస్తుంది. అయితే ఈజిప్టుకు పడమట, లిబియా సరిహద్దుకు అటూ ఇటూ ఒక ఇసుక ప్రాంతం ఉంది. దాని పేరే మహా ఇసుక సముద్రం. ఉత్తరం నుంచి దక్షిణానికి వందల కిలోమీటర్ల పొడవునా ఇసుక దిబ్బలు వరసలు కట్టి ఉంటాయి. వంద మీటర్ల ఎత్తున్నవీ వాటిలో ఉన్నాయి. 1874లో గెర్హార్డ్ రోల్ఫ్స్ అనే జర్మన్ అన్వేషకుడు ఒంటెల బిడారుతో దాఖ్లా ఒయాసిస్సు నుంచి పడమరగా కుఫ్రా ఒయాసిస్సు చేరాలని బయలుదేరాడు. దిబ్బ దాటితే మరో దిబ్బ. మేత లేదు, నీళ్లు లేవు. చివరికి ఆయన పడమర ఆశ వదులుకుని, దిబ్బల నడుమ సందుల వెంట ఉత్తరానికి మళ్లి సీవా ఒయాసిస్సు చేరుకున్నాడు. ఒంటెల బిడారు పడమరగా దాటలేకపోయిన ఆ ఇసుకను తరవాతి కాలంలో మామూలు లారీలు దాటాయి. ఆ లారీలు తోలినవాళ్లకు ఇసుక గురించి ఏం తెలుసో, ఎలా తెలిసిందో ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను.

రాల్ఫ్ బాగ్నోల్డ్ బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920లలో కైరోలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, తోటి అధికారులను కూడగట్టుకుని ఫోర్డు కార్లలో ఎడారిలోకి పోయేవాడు. ఖర్చంతా వాళ్ల జేబుల్లోంచే. మొదట మోడల్ టీ కార్లు, తరవాత మోడల్ ఏ కార్లు. వాటి పైభాగం తీసేసి, సామాను పట్టే చెక్క పెట్టె బిగించి చిన్న లారీలుగా మార్చుకున్నారు. 1932 నాటి యాత్రలో వాళ్లు తిరిగిన దూరం సుమారు 6,000 మైళ్లు. అందులో చాలా భాగం అంతకు ముందు చక్రం అన్నదే తిరగని నేల.

వాళ్ల దగ్గర గొప్ప యంత్రాలు లేవు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్లు కావవి, వెనక చక్రాలు మాత్రమే లాగే బండ్లు. మరి ఎలా దాటారు? దీనికి జవాబు టైరులోని గాలి దగ్గర మొదలవుతుంది.

టైరులో గాలి ఎంత ఒత్తిడితో ఉంటుందో, ఆ టైరు నేలను రమారమి అంత ఒత్తిడితోనే నొక్కుతుంది. తారు రోడ్డు ఆ బరువును ఓర్చుకుంటుంది. ఇసుక ఓర్చుకోదు, పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు చక్రం దిగబడుతుంది. గాలి కొంత తీసేస్తే టైరు చదునై ఎక్కువ చోట పరుచుకుంటుంది. అదే బరువు పెద్ద జాగా మీద పడుతుంది. బండి ఇసుకలోకి దిగకుండా పైపైన పోతుంది. వినడానికి చిన్న సంగతి. కానీ ఎంత గాలి తీయాలో చేతికి తెలియాలి. ఎక్కువ తీస్తే టైరు పక్కలు నలిగి, వేడెక్కి చీలిపోతాయి. రాతి నేల రాగానే మళ్లీ గాలి కొట్టాలి. ఒక్క రోజులో ఇసుక, గులకరాళ్లు, పదునైన నల్లరాయి, మళ్లీ ఇసుక వస్తాయి. ఆ ఎండలో మళ్లీ మళ్లీ దిగి గాలి తీయడం, కొట్టడం బద్ధకించినవాడి బండి ఏదో ఒక చోట ఆగిపోతుంది.

రెండో సంగతి వేగం. ఇసుక దిబ్బ ఎదురైతే ఎవరైనా భయపడి యాక్సిలరేటరు వదులుతారు. అలా వదిలితే బండి దిబ్బ మొదట్లోనే కూరుకుపోతుంది. బాగ్నోల్డ్ ఒక యాత్రలో తెగించి, దిబ్బ మీదికి నేరుగా, పూర్తి వేగంతో బండిని తోలాడు. బండి ఆగలేదు. కుదుపు కూడా లేకుండా పైకి లేచి శిఖరం చేరింది. అంత పెద్ద దిబ్బ బండిని మోసింది! గాలి తగిలే వైపు ఇసుక రేణువులు ఒకదాని పక్కన ఒకటి బిగిసి గట్టిపడి ఉంటాయి. గాలి చాటు వైపు ఇసుక పైనుంచి జారి పడి వదులుగా ఉంటుంది. సుమారు 33 డిగ్రీల వాలుతో అది గోడలా నిలుస్తుంది. ఒకే దిబ్బకు ఒక పక్క రోడ్డు, మరో పక్క గొయ్యి. రెండింటి రంగూ ఒకటే.

అందుకే దిబ్బ ఎక్కేటప్పుడు ఉన్న తెగువ శిఖరం దగ్గర పనికిరాదు. పైకి చేరేసరికి వేగం సరిగ్గా అయిపోవాలి. బండి ఆపి, దిగి, నడిచి వెళ్లి అవతల ఏముందో చూడాలి. కత్తి అంచులా సన్నగా ఉండే శిఖరాలు కొన్ని ఉంటాయి. వాటి మీదికి వేగంగా పోతే బండి గాల్లోకి లేచి అవతలి వాలులో పల్టీ కొడుతుంది. 1942 సెప్టెంబరులో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, టింప్సన్ అనే కెప్టెన్ ఎక్కిన జీపు అలాగే తిరగబడింది. ఆయనకు గాయాలయ్యాయి, పక్కనున్న సైనికుడికి వెన్నెముక విరిగి కాళ్లు పడిపోయాయి.

మిట్టమధ్యాహ్నం మరీ ప్రమాదం. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడలు ఉండవు. నీడ లేకపోతే ఎత్తూ పల్లం కనబడవు, ఇసుకంతా ఒకే తెల్లని మెరుపు. వేసవిలో ఆ వేళకు బండ్లు ఆపేసి, వాటి నీడలో పడుకునేవారు. సాయంత్రం నీడలు సాగాక మళ్లీ కదిలేవారు.

ఎంత తెలిసినా బండి దిగబడక తప్పదు. అప్పుడు చేయకూడని పని ఒకటుంది. చక్రాన్ని గిరగిరా తిప్పకూడదు. తిప్పిన కొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. దిగి, చక్రాల ముందు ఇసుకను పారతో, చేతులతో తీయాలి. సుమారు ఐదడుగుల పొడవున్న ఇనుప రేకులను వెనక చక్రాల కింద దూర్చాలి. ఈ రేకులు బాగ్నోల్డుకు కైరోలో పాత ఇనుము దుకాణంలో దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని గూళ్లకు పైకప్పుగా వాడినవి. డ్రైవరు నెమ్మదిగా క్లచ్ వదులుతాడు, మిగిలినవాళ్లంతా నెడతారు. బండి కదిలాక డ్రైవరు ఆగకూడదు. గట్టి నేల వచ్చేదాకా పోతూనే ఉండాలి. తోసినవాళ్లు ఆ బరువైన రేకులు మోసుకుంటూ ఇసుకలో వెనక నడిచి రావలసిందే. వెనక వచ్చే బండి కూడా ముందు బండి జాడలో పోకూడదు. పైన బిగిసి ఉన్న పొర మొదటి బండికే విరిగిపోతుంది. పక్కన కొత్త జాడ వేసుకోవాలి. మన నదుల ఇసుకలో ట్రాక్టరు తోలినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

ఇక నీళ్లు. మనిషి తాగే నీటితోనే రేడియేటరూ తాగుతుంది. ఆ రోజుల్లో ఇంజను మరిగితే ఆవిరి బయటికి పోయి నీళ్లు వృథా అయ్యేవి. వీళ్లు రేడియేటరు మూత బిగించి, ఆవిరి పోయే గొట్టాన్ని బండి పక్కన కట్టిన నీళ్ల డబ్బాలోకి తిప్పారు. ఆవిరి ఆ డబ్బాలో చల్లబడి నీరవుతుంది. డబ్బా కూడా మరిగి పొంగడం మొదలైతే బండిని గాలికి ఎదురుగా తిప్పి ఆపుతారు. ఇంజను చల్లారుతుంటే రేడియేటరులో ఒత్తిడి తగ్గి, డబ్బాలోని నీరు గొట్టం గుండా తనంతట తానే వెనక్కి పోతుంది. చుక్క పోదు. ఒక డబ్బా, ఒక గొట్టం, అంతే. ఇంత పొదుపైన ఆలోచన చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

దారి తెలుసుకోవడం మరో కథ. లారీలో ఇనుము ఉంటుంది కనుక మామూలు దిక్సూచి ముల్లు తప్పు చూపిస్తుంది. దాన్ని చూడాలంటే బండి ఆపి, దిగి, దూరంగా నడవాలి. అందుకని బాగ్నోల్డ్ సూర్య దిక్సూచిని వాడాడు. డిగ్రీలు గీసిన గుండ్రటి పలక, దాని మధ్య నిటారుగా ఒక సూది. సూది నీడ ఏ గీత మీద పడాలో లెక్క చూసుకుని, నీడ అక్కడే ఉండేలా బండి తోలడమే. సూర్యుడు కదులుతుంటాడు కనుక పట్టిక చూసి పలకను సరిచేసుకుంటూ ఉండాలి. దూరం మీటరు చెబుతుంది. రాత్రి నక్షత్రాలను కొలిచి, తామున్న చోటును పటం మీద గుర్తిస్తారు. దానికి కచ్చితమైన సమయం కావాలి. ఆ సమయం రేడియోలో వచ్చే సంకేతాల నుంచే వాళ్లకు అందేది. గడియారం నాలుగు సెకన్లు తప్పితే నేల మీద సుమారు ఒక మైలు తప్పినట్టు. ఎడారిలో ఒక మైలు పక్కకు పోతే బావి కనబడదు.

ఈ పరిజ్ఞానం యుద్ధం కంటే ముందే ప్రాణాలు నిలిపింది. 1931 జనవరిలో ఇటలీ సైన్యం కుఫ్రా ఒయాసిస్సును ఆక్రమించింది. అక్కడి కుటుంబాలు పిల్లాజెల్లలతో ఎడారిలోకి పారిపోయాయి. దారిలో దాహంతో ఎందరో చనిపోయారు. ఈజిప్టు ఎడారి సర్వే శాఖలో పనిచేసే పాట్ క్లేటన్ అప్పుడు ఆ ప్రాంతంలో కార్లతో సర్వే చేస్తున్నాడు. కనబడినవారికి నీళ్లిచ్చి, తన బండ్లలో ఎక్కించుకుని, ఎందరినో నీళ్లున్న చోటికి చేర్చాడు. ఎడారి లారీ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ప్రయాణం ఇదే.

1940 జూన్ 10న ఇటలీ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. అప్పటికి బాగ్నోల్డ్ సైన్యం నుంచి రిటైరై, మళ్లీ పిలుపు అందుకుని ఉన్నాడు. నిజానికి ఆయనను పంపింది తూర్పు ఆఫ్రికాకు. మధ్యధరా సముద్రంలో ఆయన ఓడ మరో ఓడను ఢీకొనడంతో ఈజిప్టులో దిగవలసి వచ్చింది. అక్కడి సేనాధిపతి జనరల్ వేవెల్. తరవాత మన దేశానికి వైస్రాయిగా వచ్చిన వేవెల్ ఆయనే. ఎడారి లోపలి నుంచి శత్రువును గమనించే దళం కావాలని బాగ్నోల్డ్ చెబితే, ఆయన ఒప్పుకుని ఆరు వారాల గడువిచ్చాడు. అలా పుట్టిందే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్.

దానికి బాగ్నోల్డ్ ఏరుకున్న లారీ షెవర్లే, ఒకటిన్నర టన్ను మోసేది. తలుపులు, పైకప్పు, ముందు అద్దం తీసేశారు. కమాను పట్టీలు అదనంగా వేసి రెండు టన్నులు ఎక్కించారు. బయట సాయం లేకుండా 1,100 మైళ్లు పోగలిగేంత పెట్రోలు, తిండి, నీళ్లు మోసేవి. మనిషికి రోజుకు ఆరు పింట్ల నీళ్లు, అంటే మూడున్నర లీటర్ల లోపు. తాగడానికీ, టీకీ, వంటకూ అంతే. స్నానం మాటే లేదు. కాళ్లకు బూట్లు కాకుండా నాటి భారతదేశపు వాయవ్య సరిహద్దులో వాడే తోలు చెప్పులు తొడిగారు. వాటిలో దూరిన ఇసుక దులపగానే పోతుంది. 1941లో కొంతకాలం నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్డు లారీలు వాడి చూశారు. అవి తాగే పెట్రోలు చాలా ఎక్కువ. మళ్లీ 1942లో వెనక చక్రాల షెవర్లేలకే మారారు. బలం ఎక్కువైన బండి కంటే పొదుపైన బండే దూరం పోతుందని వాళ్లకు అనుభవం చెప్పింది.

మొదటి డ్రైవర్లలో ఎక్కువ మంది న్యూజిలాండ్ రైతు బిడ్డలు. ఎడారి ఎన్నడూ చూడనివాళ్లు. కానీ సొంత యంత్రాన్ని సొంతంగా బాగుచేసుకోవడం ఇంట్లో నేర్చుకున్నవాళ్లు. 1942 చివర్లో మన సైన్యం నుంచి వెళ్లిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా వీళ్లతో కలిసి పనిచేసింది. జాట్లు, రాజపుత్రులు, సిక్కులు, ముస్లింలు అందులో ఉన్నారు.

ఈ దళంలోని మూర్ అనే న్యూజిలాండ్ సైనికుడి సంగతి చెప్పి తీరాలి. 1941 జనవరి 31న కుఫ్రాకు దక్షిణంగా గెబెల్ షెరీఫ్ అనే కొండల దగ్గర ఇటలీ దళం, దాని విమానాలు వీళ్ల మీద పడ్డాయి. లారీలు తగలబడ్డాయి. దళనాయకుడు బందీగా దొరికాడు. ఆ నాయకుడు ఎవరో కాదు, పదేళ్ల కిందట కుఫ్రా శరణార్థులను కాపాడిన పాట్ క్లేటనే. మూర్, ఈస్టన్, వించెస్టర్, టై అనే నలుగురు రాళ్ల మధ్య దాక్కుని మిగిలారు. మూర్ పాదానికి గాయం. ఈస్టన్ గొంతుకు గాయం. దగ్గరలోని నీళ్లు కుఫ్రాలో ఉన్నాయి, శత్రువు చేతిలో. అక్కడికి పోయి లొంగిపోతే బతకవచ్చు. వాళ్లు దక్షిణానికి నడిచారు, తమ లారీలు వచ్చిన చక్రాల జాడ పట్టుకుని.

వాళ్ల దగ్గరున్నది ఒక్క నీళ్ల డబ్బా. దానికి తూటా రంధ్రం. ఆ రంధ్రాన్ని మూసి చూసుకుంటే ఎనిమిది లీటర్ల నీళ్లు మిగిలాయి. నలుగురికి అవే. నాలుగో రోజున టై నడవలేనన్నాడు. అతని వాటా నీళ్లు అతనికిచ్చి ముగ్గురూ సాగారు. దారిలో సర్రా బావి వచ్చింది. దాన్ని ఇటలీవాళ్లు ముందే పూడ్చేశారు. పక్కనున్న మట్టి గుడిసెల్లో కాస్త వాడిన ఇంజను ఆయిల్ దొరికితే, పుండ్లు పడిన పాదాలను దానితో తడుపుకున్నారు. మిత్రపక్షపు ఫ్రెంచి విమానం ఒకటి చూసి తిండి, నిమ్మ నీళ్లు పైనుంచి వేసింది. నేలకు తగిలేసరికి ఆ నిమ్మ నీళ్లు దాదాపు అన్నీ ఒలికిపోయాయి. ఒక్కొక్కరే వెనకబడ్డారు. టై తరవాత ఒంటరిగా నడిచి సర్రా గుడిసె చేరి పడి ఉన్నాడు. కుఫ్రా వైపు నుంచి తిరిగి వస్తున్న ఫ్రెంచి సైనికులకు మొదట అతడు దొరికాడు. వాళ్లు అడుగుల జాడ పట్టి ముందుకెళ్లారు. ఈస్టన్ ప్రాణంతోనే దొరికాడు గానీ ఆ సాయంత్రం కన్నుమూశాడు. ఆ ముందు వించెస్టర్. అతనికీ పది మైళ్లు ముందు మూర్, ఇంకా నడుస్తూనే ఉన్నాడు. పది రోజుల్లో 210 మైళ్లు, అంటే దాదాపు 340 కిలోమీటర్లు.

వాళ్లను నడిపింది చక్రాల జాడ. గట్టి గులకరాళ్ల నేల మీద టైరు గీత ఏళ్ల తరబడి చెరగదు. జాడే కాదు, ఆ దళపు లారీ ఒకటి కూడా నలభై ఏళ్లు లిబియా ఎడారిలోనే ఉండిపోయింది. 1980ల మొదట్లో దాన్ని లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంకు చేర్చారు. తుప్పు గీకకుండా, రంగు వేయకుండా, దొరికింది దొరికినట్టే ఉంచారు.

బాగ్నోల్డ్ దిగబడిన చక్రం దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నలను అక్కడితో వదల్లేదు. ఇసుక ఎందుకు ఇక్కడ గట్టిగా, అక్కడ మెత్తగా ఉంది? దిబ్బకు ఆ ఆకారం ఎలా వచ్చింది? 1935లో రిటైరయ్యాక సొంతంగా ప్లైవుడ్డుతో, గాజుతో ఒక గాలి సొరంగం కట్టి, అందులో ఇసుక పోసి గాలి వదిలి చూశాడు. వేడి మంగలంలో పేలాల గింజలు ఎగిరినట్టు, ఇసుక రేణువు లేచి, పడి, పడిన చోట మరో రేణువును లేపుతుందని కొలిచి చూపాడు. ఎగిరే ఇసుక నేలకు దగ్గరగానే పారుతుందనీ, ఆకాశమంతా కమ్మేది ధూళి అనీ వివరించాడు. 1941లో వచ్చిన ఆయన పుస్తకం ఇసుక కదలికల శాస్త్రానికి పునాది. అంగారక గ్రహం మీద ఒక దిబ్బల వరసకు ఆయన పేరు పెట్టారు. 2015లో క్యూరియాసిటీ రోవర్ అక్కడికి చేరింది. అంతకు ముందు 2009లో అదే గ్రహం మీద స్పిరిట్ అనే రోవర్ మెత్తటి ఇసుకలో దిగబడి, మరి బయటికి రాలేదు. దాని చక్రం కింద ఇనుప రేకు పెట్టడానికి అక్కడ మనిషి లేడు.

లారీ తోలడం చదువు అబ్బనివాడి పని అని మన ఊళ్లలో చులకనగా అనేవారున్నారు. అది తప్పు. నేలను చూపుతో కొలవడం, ఇంజను శబ్దం మారితే కారణం పట్టడం, నీళ్లూ నూనే లెక్కగా వాడడం ఇవన్నీ జ్ఞానమే. బాగ్నోల్డ్ రాసిపెట్టాడు కనుక ఆయన చేతికి తెలిసింది శాస్త్రమైంది. ఆయనతో పాటు దిబ్బలెక్కిన చాలామంది డ్రైవర్లకూ అంతే తెలిసి ఉంటుంది. వాళ్లు రాయలేదు.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకు పోయి పెద్ద బండ్లు తోలినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. ఇసుక కమ్మిన రోడ్డు మీద, వేసవి ఎండకు మరిగిన టైర్లతో, రాత్రివేళ హఠాత్తుగా అడ్డం వచ్చే ఒంటెలను తప్పించుకుంటూ ట్రైలర్లు నడిపినవారు. వాళ్ల అనుభవం ఇప్పటిదాకా ఇంటి అరుగు మీద మాటలుగానే ఉంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి వారుంటే ఒక పూట తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి. ఏ దారిలో తోలారు, గాలి దుమారం లేస్తే ఏం చేశారు, బండి ఆగిపోతే ఎన్నాళ్లు ఎదురుచూశారు, ఎవరు నీళ్లిచ్చారు అని అడగండి. ఆ మాటలు ఫోనులో రికార్డు చేయండి. పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించి, ఊళ్లూ తేదీలూ వేయించి దాచండి. బండి తోలినవారు మీరే అయితే, ఈ రాత్రే మొదటి పేజీ మొదలుపెట్టండి.